ఆర్డర్ ఒకటి, వచ్చింది ఇంకొకటి: తిప్పి పంపే ఖర్చు అమ్మినవాళ్లే పెట్టుకునేలా చూసుకోవడం ఎలా

ఆర్డర్ చేసిన వస్తువు కాకుండా వేరేది వస్తే, దాన్ని వెనక్కి పంపడానికి అయ్యే పోస్టేజీ అమ్మినవాళ్లదే. పొరపాటు వాళ్లది కాబట్టి ఖర్చూ వాళ్లదే. చాలా దేశాల చట్టాలూ, పెద్ద అమ్మకపు సైట్ల నియమాలూ ఈ మాట దగ్గర దాదాపు ఒకే దారిలో ఉన్నాయి.

అయినా ఎంతోమంది కొనుగోలుదారులు ఆ ఖర్చు తామే భరిస్తున్నారు. కారణం పనుల వరస తప్పడమే. ముందు సొంత డబ్బుతో కొరియర్ చేసేసి, ఆ తర్వాత రశీదు చూపించి అడుగుతారు. వస్తువు చేతికి అందాక అమ్మకందారుకు తొందరేమీ ఉండదు. అందుకని ఈ మార్గదర్శి మొత్తం ఒక్క సూత్రం మీద నడుస్తుంది: ఖర్చు ఎవరిదో రాతలో తేలేదాకా పార్సిల్ మీ గడప దాటకూడదు.

## 1. మీది నిజంగా "వేరే వస్తువు" కేసేనా?

పోస్టేజీ ఎవరిదన్నది మీరు ఏ రకం కేసులో ఉన్నారన్న దాన్ని బట్టి మారుతుంది. ఫిర్యాదు రాయకముందే ఆర్డర్ కన్ఫర్మేషన్ తెరిచి, పెట్టెలో ఉన్నదాన్ని పక్కన పెట్టుకుని పోల్చండి.

వేరే వస్తువు, వేరే మోడల్, వేరే రంగు, వేరే సైజు, తక్కువ సంఖ్య. ఆర్డర్‌లో ఉన్నదానికీ వచ్చినదానికీ తేడా ఉంది. ఖర్చు అమ్మకందారుది.

లేబుల్ సరైనదే, లోపలి సరుకు తేడా. చొక్కా మీద 42 అని ఉంది, కొలిస్తే పేజీలో ఇచ్చిన 42 కొలతకు తక్కువ ఉంది. ఇది కూడా వర్ణనకు సరిపోని సరుకే. కాకపోతే "నాకు పట్టలేదు" అని రాస్తే కేసు బలహీనపడుతుంది. "పేజీలో ఛాతీ 106 సెంటీమీటర్లు అని ఉంది, వచ్చినది 99 ఉంది" అని రాస్తే నిలబడుతుంది. టేపు పెట్టి ఫొటో తీయండి.

మీరే పొరపాటున వేరే సైజు ఎంచుకున్నారు, లేదా మనసు మారింది. అమ్మకందారు తప్పేమీ లేదు. ఉచిత రిటర్న్ ఇస్తామని వాళ్లు ముందే చెప్పి ఉంటే తప్ప పోస్టేజీ సాధారణంగా మీదే. దీన్ని "వేరే వస్తువు వచ్చింది" అని చెప్పకండి. ప్యాకింగ్ సమయంలో తీసిన ఫొటోలూ బరువు లెక్కలూ గిడ్డంగిలో ఉంటాయి. అబద్ధం తేలితే రీఫండ్‌తో పాటు ఖాతా కూడా పోవచ్చు.

అసలు మీరు ఏమీ ఆర్డర్ చేయలేదు. మీ పేరుతో పార్సిల్ వచ్చింది, ఆర్డర్ చరిత్రలో ఏమీ లేదు. ఇది రిటర్న్ వ్యవహారం కాదు. కొందరు అమ్మకందారులు దొంగ రివ్యూలు రాసుకోవడానికి ఇలా పంపుతుంటారు. ఖాతా పాస్‌వర్డ్ మార్చండి, సైట్‌కు చెప్పండి. డబ్బు కట్టి పంపమని ఎవరైనా అడిగినా కట్టకండి.

## 2. సాక్ష్యం: మొదటి గంటలో చేయాల్సినవి

ఈ ఒక్క దశ బాగా జరిగితే మిగతా వ్యవహారం సగం తేలికవుతుంది. "మేం సరైనదే పంపాం, మీరే మార్చారు" అనే జవాబు ఎప్పుడైనా రావచ్చు. దానికి విరుగుడు ఇక్కడే సిద్ధం చేసుకోవాలి.

పెట్టె ఇంకా తెరవకపోతే వీడియో తీస్తూ తెరవండి. షిప్పింగ్ లేబుల్ దగ్గర మొదలుపెట్టి, ఆరు వైపులా తిప్పి చూపి, టేపు చెక్కుచెదరలేదని కనపడేలా కోసి, లోపలి వస్తువు బయటికొచ్చేదాకా ఆపకుండా తీయాలి. మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టిన వీడియోకు విలువ బాగా తగ్గిపోతుంది.

ఇప్పటికే తెరిచేశారా? అయినా ఫొటోలు పనికొస్తాయి. తీయాల్సినవి ఇవి:

- షిప్పింగ్ లేబుల్ మొత్తం, ట్రాకింగ్ నంబరు, దాని మీద అచ్చైన బరువు చదవగలిగేలా
- పెట్టె ఆరు వైపులా, చిరుగులు, రెండోసారి వేసినట్టున్న టేపు ఉంటే దగ్గరగా
- లోపలి కవరు మీద గిడ్డంగి అంటించిన స్టిక్కరు
- వచ్చిన వస్తువు మోడల్ నంబరు, బార్‌కోడు, ఉంటే సీరియల్ నంబరు
- వస్తువు, లేబుల్, ఆర్డర్ పేజీ తెరిచిన ఫోన్ తెర, మూడూ ఒకే ఫ్రేములో
- పెట్టెలో వచ్చిన బిల్లు లేదా ప్యాకింగ్ చీటీ

చాలామంది పట్టించుకోని సాక్ష్యం ఒకటుంది: బరువు. వచ్చినదాన్ని పెట్టెతో సహా వంటింటి త్రాసు మీద గానీ, బాత్రూమ్ త్రాసు మీద గానీ తూచండి. ఆ బరువు లేబుల్ మీద అచ్చైన అసలు బరువుతో సరిపోతే, గిడ్డంగి నుంచే ఈ వస్తువు బయలుదేరిందన్నమాట. అంటే గిడ్డంగిలో వస్తువును ఏరి తీసేటప్పుడు పొరపాటు జరిగింది. రెండు బరువులకూ బాగా తేడా ఉంటే దారిలో ఎవరో మార్చి ఉండే అవకాశం ఉంది. రెండు సందర్భాల్లోనూ బాధ్యత అమ్మకందారుదే, ఎందుకంటే సాధారణంగా మీ చేతికి చేరేదాకా సరుకు వాళ్ల పూచీ. కానీ రెండోదైతే వాళ్లు కొరియర్ సంస్థ మీద క్లెయిమ్ వేసుకోవాలి కాబట్టి పెట్టె, టేపు, లోపలి కాగితాలూ పారేయకుండా ఉంచాలి. లేబుల్ మీద ఉన్నది కొలతల నుంచి లెక్కకట్టిన బరువైతే ఈ పోలిక పనికిరాదు.

స్టిక్కరునూ గమనించండి. కవరు మీద మీరు ఆర్డర్ చేసిన వస్తువు కోడు ఉండి, లోపల వేరేది ఉంటే స్టిక్కర్లు తారుమారయ్యాయి. అలాంటప్పుడు ఆ అరలో ఉన్న సరుకంతా తప్పుగా ఉండవచ్చు. మార్పిడి అడిగితే మళ్లీ అదే తప్పు వస్తువు రావచ్చు. అందుకే ఈ సందర్భంలో మార్పిడి కంటే రీఫండ్ మేలు.

ఆర్డర్ చేసిన వస్తువు పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఫిర్యాదు వెళ్లాక పేజీలోని వర్ణన మారిపోవచ్చు.

వచ్చిన వస్తువును వాడకండి. ట్యాగులు తెంపకండి, సీలు తీయకండి, ఫోన్ లాంటిదైతే ఆన్ చేసి ఖాతా కలపకండి. వాడితే దాన్ని మీరు అంగీకరించినట్టు వాదించే వీలు దొరుకుతుంది.

## 3. చట్టం ఎక్కడ ఎలా ఉంది

మెసేజ్‌లో ఒక్క వాక్యం చట్టం పేరుతో ఉంటే జవాబు తీరు మారుతుంది. మీరు కొన్నది ఎక్కడ వర్తించే చట్టం కిందో చూసుకుని ఆ వాక్యమే వాడండి.

బ్రిటన్. అన్నిటికన్నా స్పష్టంగా రాసి ఉన్నది ఇక్కడ. కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ 2015 ప్రకారం సరుకు వర్ణనకు సరిపోవాలి. సరిపోకపోతే 30 రోజుల్లోపు తిరస్కరించి పూర్తి డబ్బు అడగవచ్చు. తిప్పి పంపే సహేతుకమైన ఖర్చు అమ్మకందారే భరించాలని సెక్షన్ 20 చెబుతుంది. రీఫండ్ ఇవ్వాల్సిందేనని ఒప్పుకున్నాక 14 రోజులు దాటకుండా ఇవ్వాలి.

ఇక్కడే ఒక గందరగోళం ఉంది. మనసు మార్చుకుని రద్దు చేసుకోవడానికి 14 రోజుల హక్కు ఇచ్చేవి వేరే నిబంధనలు, 2013 నాటివి. వాటి కింద తిప్పి పంపే ఖర్చు సాధారణంగా కొనుగోలుదారుదే. కొందరు అమ్మకందారులు వేరే వస్తువు కేసులోనూ ఆ 14 రోజుల నియమమే చూపించి పోస్టేజీ మీ మీద వేస్తారు. "నేను రద్దు చేయడం లేదు, వర్ణనకు సరిపోని సరుకును తిరస్కరిస్తున్నాను" అని రాయండి.

యూరోపియన్ యూనియన్. తేడా ఇక్కడా అదే. 2011 నాటి వినియోగదారుల హక్కుల ఆదేశం కింద మనసు మార్చుకుంటే ఖర్చు కొన్నవాళ్లది, అమ్మకందారు ఆ సంగతి ముందే చెప్పకపోతే అది వాళ్లదే. ఒప్పందానికి సరిపోని సరుకుకు వర్తించేది 2019/771 ఆదేశం, 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. మార్పిడి ఉచితంగా చేయాలి, ఒప్పందం రద్దయితే సరుకు అమ్మకందారు ఖర్చుతోనే వెనక్కి వెళ్లాలి అని అందులో ఉంది.

భారత్. వినియోగదారుల రక్షణ (ఇ-కామర్స్) నిబంధనలు 2020 ప్రకారం, ప్రకటించిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని గానీ, డబ్బు తిరిగి ఇవ్వనని గానీ అమ్మకందారు అనకూడదు. రిటర్న్ షరతులు, తిప్పి పంపే ఖర్చుతో సహా, ముందే స్పష్టంగా చూపాలి. గ్రీవెన్స్ ఆఫీసర్ (సైటు నియమించే ఫిర్యాదుల అధికారి) ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పి, నెలలోపు పరిష్కరించాలి. రీఫండ్‌లో పోస్టేజీ కోసేస్తే అది పూర్తి డబ్బు తిరిగిచ్చినట్టు కాదన్నదే ఇక్కడ మీ వాదన కావాలి.

అమెరికా. రాష్ట్రాలు అనుసరించే యూనిఫాం కమర్షియల్ కోడ్ ప్రకారం ఒప్పందానికి సరిపోని సరుకును తిరస్కరించవచ్చు. అలా తిరస్కరించిన సరుకు రవాణాకు, భద్రతకు కొనుగోలుదారు పెట్టిన సహేతుకమైన ఖర్చును నష్టపరిహారంలో భాగంగా అడగవచ్చని 2-715 సెక్షన్‌లో ఉంది. ఆచరణలో ఇక్కడ అమ్మకపు సైటు నియమాలూ, కార్డు కంపెనీ ఫిర్యాదూ కోర్టు కంటే త్వరగా పని చేస్తాయి.

ఆస్ట్రేలియా. పోస్టులో సులువుగా వెళ్లే చిన్న వస్తువైతే మీరు పంపి, సమస్య నిజమని తేలాక పోస్టేజీ తిరిగి పొందవచ్చు. పెద్దదై, వెనక్కి పంపడానికి గణనీయమైన ఖర్చయ్యేదైతే అమ్మకందారే వచ్చి తీసుకెళ్లాలి.

"సహేతుకమైన ఖర్చు" అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. మామూలు ట్రాకింగ్ సర్వీసుతో సరిపోయేచోట మర్నాడే చేరే ఎక్స్‌ప్రెస్ కొరియర్ పెడితే, అదనంగా అయినది మీ నెత్తిన పడుతుంది.

## 4. గడువులు ముందే రాసి పెట్టుకోండి

ఈ తేదీలు ఫోన్ క్యాలెండర్‌లో పెట్టాలి:

- సైట్ రిటర్న్ గడువు ముగిసే రోజు. కొన్ని వర్గాల సరుకుకు ఇది చాలా తక్కువ ఉంటుంది, ఆర్డర్ పేజీలోనే చూడండి
- ఈబేలో కొంటే: వస్తువు చేరిన తేదీ లేదా చేరాల్సిన తేదీ నుంచి 30 రోజుల్లోపు రిటర్న్ అడగాలి. అమ్మకందారుకు 3 పనిదినాలు ఉంటాయి, ఆ తర్వాత ఈబేను కల్పించుకోమని అడగవచ్చు
- పేపాల్ (ఆన్‌లైన్ చెల్లింపు సంస్థ)తో కడితే: చెల్లించిన 180 రోజుల్లోపు వివాదం తెరవాలి. తెరిచిన 20 రోజుల్లోపు దాన్ని క్లెయిమ్‌గా, అంటే పేపాల్‌నే తేల్చమని అడిగే ఫిర్యాదుగా, మార్చకపోతే అది దానంతటదే మూసుకుపోతుంది
- కార్డు ఛార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బును బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించుకోవడం): వీసా, మాస్టర్‌కార్డ్‌ల దగ్గర ఇలాంటి వాటికి సాధారణ గడువు 120 రోజులు. మీ బ్యాంకు ఇంకా ముందే అడగవచ్చు

అమ్మకందారు "రేపు చూస్తాం, ఎల్లుండి చూస్తాం" అంటూ సాగదీస్తుంటే, వాళ్లతో మాటలు నడుస్తుండగానే సైట్‌లో రిటర్న్ అభ్యర్థన నమోదు చేసేయండి. నమోదు చేసినంత మాత్రాన సర్దుబాటు దారి మూసుకుపోదు. గడువు దాటితే మాత్రం నిజంగానే మూసుకుపోతుంది.

## 5. రిటర్న్ కారణం ఎంచుకునే చోట జాగ్రత్త

పోస్టేజీ పోగొట్టుకునేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే పోగొట్టుకుంటారు.

రిటర్న్ ఫారంలో కారణాల జాబితా ఉంటుంది. దాని వెనక కంప్యూటరు లెక్క సూటిగా ఉంటుంది. "వేరే వస్తువు వచ్చింది", "వర్ణనకు సరిపోలేదు", "లోపం ఉంది" అన్నవి అమ్మకందారు ఖాతాలోకి వెళ్తాయి. "ఇక అవసరం లేదు", "నచ్చలేదు", "తక్కువ ధరకు దొరికింది", "పొరపాటున ఆర్డర్ చేశాను" అన్నవి మీ ఖాతాలోకి వస్తాయి. "సైజు సరిపోలేదు" అన్నది చాలాచోట్ల రెండో వైపే పడుతుంది.

తొందరలో మొదట కనపడిన కారణం నొక్కితే, లేబుల్ ఖర్చు రీఫండ్‌లోంచి తీసేస్తారు. కొన్ని సైట్లలో వెనక్కి పంపే లేబుల్‌కు ముందే డబ్బు కట్టమంటారు. డబ్బు కట్టమనే తెర కనపడితే అక్కడే ఆగండి. కారణం తప్పుగా పడిందని దానర్థం. వెనక్కి వెళ్లి మార్చండి.

ఇప్పటికే తప్పు కారణం పంపేశారా? పార్సిల్ ఇంకా మీ దగ్గరే ఉంటే అభ్యర్థన రద్దు చేసి మళ్లీ పెట్టే వీలు చాలాచోట్ల ఉంటుంది. కానీ ఒక్కసారి మూసిన కేసును మళ్లీ తెరవనివ్వని సైట్లు కూడా ఉన్నాయి. కాబట్టి రద్దు చేసే ముందు సహాయ విభాగంతో చాట్‌లో మాట్లాడి, కారణం మార్చమని అడిగి, ఆ చాట్ భద్రపరచుకోండి.

## 6. అమ్మకందారుకు రాసే మెసేజ్

సైట్ లోపలి మెసేజ్ పెట్టెలోనే రాయండి. ఫోన్‌లో మాట్లాడితే, కాల్ అయిన వెంటనే "ఇందాక మీరు ఇలా అన్నారు" అని అక్కడే రాసి పెట్టండి. బయటి చాట్ యాప్‌కు రమ్మంటే వెళ్లకండి. వివాదం వస్తే సైటు చూసేది తన దగ్గరున్న మెసేజ్‌లనే.

కోపం తిట్లుగా వద్దు. మెసేజ్ చదివేవాళ్లు రోజుకు ఎన్నో చదువుతారు. తేడా ఏమిటో మొదటి రెండు వాక్యాల్లోనే తెలియాలి. నమూనా ఇది:

> నమస్కారం. ఆర్డర్ నంబరు ……… కింద నేను కొన్నది ……… (మోడల్/రంగు/సైజు). ……… తేదీన అందిన పార్సిల్‌లో ఉన్నది ………. లేబుల్, వస్తువు, మోడల్ నంబరు ఫొటోలు జతచేశాను. వస్తువు వాడలేదు, వచ్చినట్టే ఉంది.
>
> ఇది నేను ఆర్డర్ చేసిన వస్తువు కాదు కాబట్టి దీన్ని తిరస్కరిస్తున్నాను. నాకు కావలసింది: (పూర్తి రీఫండ్, మొదటి డెలివరీ ఛార్జీతో సహా / సరైన వస్తువు).
>
> తిప్పి పంపడానికి మీరే ముందుగా చెల్లించిన లేబుల్ పంపండి, లేదా పికప్ ఏర్పాటు చేయండి. నన్నే పంపమంటే, ……… సర్వీసుకు అయ్యే ……… ఖర్చు ముందుగానే జమ చేస్తారని ఇక్కడ రాతపూర్వకంగా తెలపండి. ……… తేదీలోపు జవాబు రాకపోతే సైట్ ద్వారా ఫిర్యాదు కొనసాగిస్తాను.

రీఫండ్ కావాలా, మార్పిడి కావాలా అన్నది ఒక్కటే అడగండి. "ఏదైనా పర్వాలేదు" అంటే వాళ్లకు అనుకూలమైనదే చేస్తారు. ఆర్డర్ చేశాక ఆ వస్తువు ధర పెరిగి ఉంటే మార్పిడి అడగడం లాభం, ఎందుకంటే రీఫండ్ తీసుకుని మళ్లీ కొంటే తేడా మీరే కట్టుకోవాలి. స్టాకు అయిపోయి ఉంటే నేరుగా రీఫండ్.

గడువుకు మూడు నుంచి ఐదు పనిదినాలు ఇవ్వడం సబబు. ఒక్కరోజు గడువు పెట్టి మర్నాడే ఫిర్యాదు చేస్తే, అమ్మకందారుకు అవకాశం ఇవ్వలేదన్న మాట పడవచ్చు.

## 7. లేబుల్ వచ్చాక

మంచిది నుంచి తక్కువ మంచిదానికి వరస ఇది:

1. ఇంటి దగ్గర పికప్. మీ చేతి డబ్బు కదలదు. తీసుకెళ్లే మనిషి స్కాన్ చేసే దాకా వదలకండి. పికప్ అయినట్టు మెసేజ్ రాకముందే పార్సిల్ ఇచ్చేస్తే సాక్ష్యం పోయినట్టే.
2. ముందే చెల్లించిన లేబుల్ లేదా క్యూఆర్ కోడు. కౌంటర్‌లో ఇచ్చి రశీదు తీసుకోండి. పార్సిళ్లు వేసే డబ్బాలో పడేసి వచ్చేస్తే రశీదు ఉండదు.
3. అమ్మకందారు ముందే డబ్బు వేస్తే మీరు పంపడం. ఫర్వాలేదు.
4. మీరు కట్టి పంపాక ఇస్తామనడం. ఆఖరి దారి. మొత్తం ఎంతో, ఎప్పటిలోగా ఇస్తారో సైట్ మెసేజ్‌లో ఉంటేనే ఒప్పుకోండి.

నాలుగో దారిలో వెళ్లక తప్పకపోతే కనీసం రెండు సర్వీసుల ధరలు స్క్రీన్‌షాట్ తీసి, ట్రాకింగ్ ఉన్నవాటిలో చౌకది ఎంచుకోండి. తర్వాత "అంత ఎందుకైంది" అనే ప్రశ్న రాదు.

ఎక్స్‌ప్రెస్ కొరియర్లు బరువు ఒక్కటే చూడవు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చే కిలోలకూ అసలు బరువుకూ మధ్య ఏది ఎక్కువైతే దానికి ఛార్జీ వేస్తాయి. 40 × 30 × 20 పెట్టె అయితే 24,000 ÷ 5000 = 4.8 కిలోలు. లోపల కిలో వస్తువే ఉన్నా 4.8 కిలోల ఖర్చు. పెద్ద పెట్టె వాడి ఖర్చు పెంచుకోవద్దు.

## 8. ప్యాకింగ్

వచ్చిన పెట్టె బాగుంటే అందులోనే పంపండి. ట్యాగులు, మాన్యువల్, చిన్నచిన్న భాగాలు అన్నీ లోపల ఉండాలి. ఒక వైరు తగ్గినా రీఫండ్ కోయడానికి కారణం దొరుకుతుంది.

- పాత షిప్పింగ్ లేబుల్, పాత బార్‌కోడ్లు పీకేయాలి లేదా మందపు మార్కర్‌తో కొట్టేయాలి. వదిలేస్తే యంత్రం పాతది చదివి పార్సిల్‌ను మళ్లీ మీకే తెస్తుంది
- పగిలే వస్తువు చుట్టూ అన్ని వైపులా 5 సెంటీమీటర్ల మెత్తని సరుకు
- మధ్య అతుకు మీదా, రెండు అంచుల మీదా టేపు
- ఆర్డర్ నంబరు, రిటర్న్ నంబరు రాసిన చీటీ లోపల
- సర్దుతున్న వీడియో, మూసిన పెట్టె బరువు ఫొటో

లిథియం బ్యాటరీ ఉన్న వస్తువైతే మీ అంతట మీరు మామూలు పార్సిల్‌గా పంపకండి. విడి బ్యాటరీలకు, పరికరంలో ఉన్నవాటికి విమాన రవాణాలో వేర్వేరు నియమాలూ లేబుళ్లూ ఉన్నాయి. కొరియర్ ఆపేస్తే ఆలస్యం మీ ఖాతాలో పడుతుంది. ఈ కారణం చూపించి అమ్మకందారునే పికప్ పెట్టమనండి. ఇది న్యాయమైన కోరిక.

## 9. అమ్మకందారు వేసే మెలికలు, వాటికి జవాబులు

"వస్తువు ఉంచేసుకోండి, కొంత డబ్బు వెనక్కి ఇస్తాం." వచ్చిన వస్తువు మీకు నిజంగా పనికొస్తేనే ఒప్పుకోండి. పాక్షిక రీఫండ్ ఒప్పుకుంటే చాలా సైట్లలో కేసు అంతటితో ముగుస్తుంది. మొదట చెప్పే మొత్తం ఎప్పుడూ తక్కువే ఉంటుంది. వెనక్కి తెప్పించుకునే ఖర్చు వాళ్లకూ భారమే కాబట్టి పెంచమని అడగడానికి మీకు చోటుంది.

"ముందు కేసు మూసేయండి, వెంటనే డబ్బు వేస్తాం." మూయకండి. డబ్బు ఖాతాలో పడితే కేసు దానంతటదే మూసుకుంటుంది.

"మా పాలసీ ప్రకారం రిటర్న్ పోస్టేజీ కొనుగోలుదారుదే." ఆ పాలసీ మనసు మార్చుకున్నవాళ్లకు. వాళ్ల పొరపాటుకు వర్తించదు. చట్టం ఇచ్చిన హక్కును షాపు సొంత షరతు తీసేయలేదు. మూడో దశలోని వాక్యం ఇక్కడ వాడండి.

"రీస్టాకింగ్ ఛార్జీ ఉంటుంది." ఇదీ అంతే. తప్పు సరుకు పంపినవాళ్లు దాన్ని మళ్లీ అరలో పెట్టుకున్నందుకు మీ దగ్గర వసూలు చేయడం కుదరదు.

"అదే వస్తువు, ఫొటోలో రంగు తేడాగా కనపడుతుంది." రంగు మీద వాదన ఎప్పుడూ తెగదు. మోడల్ నంబరు, బార్‌కోడు, కొలత చూపండి.

"కొరియర్‌వాళ్ల తప్పు, వాళ్లనే అడగండి." కొరియర్‌తో ఒప్పందం చేసుకున్నది అమ్మకందారు, మీరు కాదు.

## 10. వేరే దేశం నుంచి కొన్నప్పుడు

ఇక్కడ పోస్టేజీ వస్తువు ధరనే మించిపోవచ్చు. అప్పుడు నిజమైన బేరం పోస్టేజీ మీద ఉండదు, అసలు వెనక్కి పంపాలా అన్నదాని మీద ఉంటుంది. ఖర్చు ఎంతో కొటేషన్ తీసి పంపండి. "ఈ ఖర్చు ముందే పంపండి, లేదా పంపకుండానే రీఫండ్ ఇవ్వండి" అని రాయండి. చవక వస్తువులకు చాలామంది రెండోదే ఎంచుకుంటారు.

పేపాల్ విషయం ఒకటి తెలిసి ఉండాలి. దాని కొనుగోలుదారుల రక్షణ కింద గెలిచినా, వస్తువును సొంత ఖర్చుతో వెనక్కి పంపమని అడిగే వీలు దాని షరతుల్లో ఉంది. కాబట్టి ధర తక్కువై పోస్టేజీ ఎక్కువైన కేసుల్లో పేపాల్ క్లెయిమ్ కంటే ముందు సైటు సొంత హామీని వాడుకోండి.

పంపక తప్పకపోతే కస్టమ్స్ ఫారం, సీఎన్ 22 లేదా సీఎన్ 23, జాగ్రత్తగా నింపండి. "రిటర్న్ చేస్తున్న సరుకు" అనే గడి ఉంటే అది టిక్ చేయాలి, "గిఫ్ట్" కాదు. వివరాల్లో తప్పు వస్తువు వచ్చినందున తిప్పి పంపుతున్నామని, మొదటి పార్సిల్ ట్రాకింగ్ నంబరుతో రాయండి. లేకపోతే అవతల దేశంలో దిగుమతి సుంకం పడవచ్చు. అప్పుడు అమ్మకందారు పార్సిల్ తీసుకోకపోతే, అది మళ్లీ మీ దగ్గరికే బయలుదేరుతుంది.

వస్తువు వచ్చినప్పుడు మీరు కట్టిన సుంకం రశీదు కూడా దాచండి. దాన్నీ అడగాలి.

## 11. జవాబు లేకపోతే ఎక్కాల్సిన మెట్లు

ఈ వరసే పాటించండి. పై మెట్టుకు వెళ్లినప్పుడు కింది మెట్టులో ఏం చేశారని అడుగుతారు.

1. సైట్‌లో రిటర్న్ కేసు, ఆ తర్వాత సైట్ కల్పించుకోమని అభ్యర్థన.
2. గ్రీవెన్స్ ఆఫీసర్ లేదా ఫిర్యాదుల విభాగానికి రాత ఫిర్యాదు, ఆరో దశ మెసేజ్‌తో.
3. కార్డు ఇచ్చిన బ్యాంకు దగ్గర ఛార్జ్‌బ్యాక్, "వర్ణనకు సరిపోలేదు" అనే కారణంతో. మీరు వస్తువు తిప్పి పంపారని గానీ, పంపడానికి ప్రయత్నిస్తే వాళ్లు ఒప్పుకోలేదని గానీ చూపాలి. సైట్ కేసూ ఛార్జ్‌బ్యాకూ ఒకేసారి నడపకండి. రెండోది మొదలైతే చాలా సైట్లు మొదటిదాన్ని ఆపేస్తాయి.
4. ప్రభుత్వ వినియోగదారుల సంస్థ. భారత్‌లో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే మీరుండే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, గడువు రెండేళ్లు, చెల్లించిన విలువ 5 లక్షలదాకా ఫీజు లేదు. బ్రిటన్‌లో 100 పౌండ్లు దాటి 30,000 పౌండ్ల లోపు వస్తువును క్రెడిట్ కార్డుతో కొంటే, 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టం సెక్షన్ 75 కింద కార్డు సంస్థనే నేరుగా అడగవచ్చు. మధ్యలో మార్కెట్‌ప్లేస్ గానీ వేరే చెల్లింపు సంస్థ గానీ ఉంటే ఇది వర్తించకపోవచ్చు.

## 12. డబ్బు పడ్డ రోజు లెక్క చూసుకోండి

"రీఫండ్ పూర్తయింది" అన్న మెసేజ్ చూసి వదిలేస్తే చిన్న మొత్తాలు జారిపోతాయి. బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని వీటిని విడివిడిగా టిక్ చేయండి:

- వస్తువు ధర, మీరు కట్టినంత
- మొదటి డెలివరీ ఛార్జీ
- గిఫ్ట్ కార్డు, పాయింట్లు, కూపన్‌తో కట్టిన భాగం, ఇప్పటికీ వాడుకోగలిగే స్థితిలో
- మీరు పెట్టిన రిటర్న్ పోస్టేజీ
- విదేశీ ఆర్డరైతే సుంకం

పోస్టేజీ ఒక్కటే రాకపోతే కొత్త కేసు తెరవద్దు. అదే కేసులో, వాళ్లు ఒప్పుకున్న మెసేజ్ స్క్రీన్‌షాట్, పోస్టు రశీదు రెండూ కలిపి పెట్టండి. డబ్బు స్టోర్ క్రెడిట్‌గా వేస్తే, మీరు కట్టిన మార్గంలోనే తిరిగివ్వమని రాయండి. ఆ క్రెడిట్‌లోంచి ఒక్క రూపాయి కూడా వాడకండి, వాడితే ఒప్పుకున్నట్టే లెక్క. ఫొటోలు, వీడియోలు, రశీదులను డబ్బు మొత్తం ఖాతాలో కనపడి కనీసం ఆరు నెలలయ్యేదాకా చెరపకండి. రిటర్న్‌లో తప్పు వస్తువు వచ్చిందని అమ్మకందారు తర్వాత ఎప్పుడో మళ్లీ ఛార్జి వేస్తే, ప్యాకింగ్ వీడియో, బరువు ఫొటోలే మీకు దిక్కు.